జబ్బ కొలత

పదిహేనేళ్లుగా ఊరందరి కొలతలూ రాసుకుంటున్న ఆ దర్జీకి తన కొలత మాత్రం తెలియదు. తెలుసుకోవాలన్న కోరికా ఆమెకు ఎన్నడూ కలగలేదు. తన దుస్తులను కంటి అంచనాతో కాస్త వదులుగా కుట్టుకుని, ఆ వదులుకు సౌకర్యమని పేరు పెట్టుకుంది.

ఆమెకు ఏడో నెల నిండుతుండగా ఆడపడుచు బీపీ చూసే యంత్రం కొని తెచ్చింది. దాని పట్టీ దర్జీ జబ్బకు చాలలేదు. గాలి నిండగానే చర్రున ఊడిపోయేది. గుడ్డ చాలకపోవడం దర్జీకి కొత్త కాదు. అదే రంగు ముక్క వెతికి, జానెడు అతికి, రెండు వరసల కుట్టు వేసింది. అతుకెక్కడో చివరికి ఆమెకే వెతుక్కోవలసి వచ్చింది.

యంత్రం మాత్రం మెచ్చలేదు. నూట యాభై రెండు, తొంభై ఎనిమిది. పది నిమిషాలు ఆగి చూసినా అంతే.

"పద ఆస్పత్రికి," అంది ఆడపడుచు, సంచిలో బట్టలు కుక్కుతూ. "నిన్ను అక్కడే ఉంచేస్తే మా తమ్ముడు తన వంట తనే తినాలి. రెండ్రోజుల్లో వాడికీ ఓ మంచం చూడాలి."

దర్జీ నవ్వింది గాని, మెడలోని టేపు తీయడం కూడా మరచి బయలుదేరింది. బీపీ అదుపు తప్పితే నెలలు నిండకముందే బిడ్డను బయటికి తీయవలసి రావచ్చని డాక్టరమ్మ మూడో నెలలోనే చెప్పింది. తొందరపెడితే పని చెడుతుందని గిరాకీలకు చెప్పే మాటనే దర్జీ అప్పటినుంచీ కడుపులోని బిడ్డకూ చెబుతూ వచ్చింది.

డాక్టరమ్మ పట్టీని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈ అతుకు ఎవరేశారు?"

"నేనేనమ్మా. బావుందా?"

"కుట్టు బ్రహ్మాండం. పైగుడ్డ పెరిగింది గానీ లోపల గాలి నిండే తిత్తి పెరగలేదుగా. లావు చేతికి చిన్న తిత్తి చుడితే అంకె ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది."

"అంటే లైనింగు పెంచకుండా పైబట్ట వదిలాను," అంది దర్జీ. అంతటి తప్పు ఆమె పనిలో చేరిన మొదటి నెలలో కూడా చేయలేదు.

"నీ జబ్బ చుట్టుకొలత ఎంత?"

దర్జీ కిటికీ వైపు చూసింది.

"ఊరందర్నీ కొలిచే టేపేగా, నిన్ను కరవదులే," అంటూ ఆడపడుచు దాన్ని ఆమె మెడలోంచి లాగి అందించింది.

"పద్నాలుగున్నర," అంది దర్జీ జబ్బకు టేపు చుట్టి చూసుకుని, పక్కవారికి వినబడనంత మెల్లగా.

"పన్నెండున్నర అంగుళాలు దాటితే పెద్ద పట్టీ వాడాలి." ఐదు నిమిషాలు కుర్చీలో ఆనుకుని కూర్చోబెట్టి డాక్టరమ్మ మళ్లీ చూసింది. నూట ముప్పై నాలుగు, ఎనభై నాలుగు.

ఆడపడుచు సంచి భుజానికి తగిలించుకుంది. "ఇక ఇంటికేగా?"

"కూర్చోండి. తప్పు పట్టీది, నిజమే. మిగతావన్నీ అలాగే ఉన్నాయిగా. కడుపు రాకముందే బరువెక్కువ. నెలసరి ఏళ్లతరబడి గాడి తప్పిన పీసీఓఎస్. హద్దు మీదున్న షుగరు. ఆపైన థైరాయిడ్. ఇవన్నీ ఉన్నవాళ్లకి బీపీ పెరిగే అవకాశం ఎక్కువ. వచ్చి తీరుతుందని కాదు, మనం కాపలా కాయాలని. థైరాయిడ్ మాత్ర రోజూ వేసుకుంటున్నావా?"

"ఒక్కరోజు తప్పదు," అంది ఆడపడుచు ధీమాగా.

దర్జీ టేపును వేలికి చుట్టింది, విప్పింది. అవునంటే ఇంటికి పోవచ్చు. కాదంటే ఈ సంచి ఇక్కడే విప్పవలసి వస్తుందేమో. లోపల బిడ్డ ఒకసారి కదిలింది.

"నెల్లాళ్లయింది మానేసి. అది మింగాక గంటదాకా టీ తాగకూడదన్నారు. లేవగానే టీ పడకపోతే నాకు సూదిలో దారం ఎక్కదమ్మా."

"ఆ టీ పెట్టిచ్చింది నేనా?" అంది ఆడపడుచు తెల్లబోయి. "రేపట్నుంచి మాత్ర మింగి గంటయ్యేదాకా నీకు పొయ్యి కనిపించదు."

"పోనీ అరగంట చాలదా వదినా?"

"నా మేనల్లుణ్ణి అడుగు."

డాక్టరమ్మ రక్తానికీ మూత్రానికీ పరీక్షలు చేయించింది. సాయంత్రానికి థైరాయిడ్ ఒక్కటే అదుపు తప్పినట్టు తేలడంతో మోతాదు మార్చి రాసి, ఇంటికి పంపింది. పెద్ద పట్టీతో రెండు పూటలా చూసుకోమంది, వారానికోసారి రమ్మంది. తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా వారం ఆగవద్దంది.

ఇల్లు చేరగానే దర్జీ కొలతల పుస్తకంలో కొత్త పుట తిప్పింది. జబ్బ, పద్నాలుగున్నర. దాని కింద ఆనాటి బీపీ. ఇవ్వవలసిన తేదీ అన్న గడిలో డాక్టరమ్మ చెప్పిన కాన్పు తేదీ వేసి, తొందరపెట్టే గిరాకీల పుటల్లో రాసే మాటనే అక్కడా రాసింది: ముందుగా ఇవ్వబడదు.