నాలుగో మనిషి

ఆ ఇంట్లో ఉండాల్సింది ముగ్గురు. నేను నాలుగోదాన్ని. అగ్రిమెంటులో నా పేరు లేదు, కరెంటు బిల్లులో ఉండే ప్రసక్తే లేదు. ఓనరు తరఫు ఏజెంటు ఇల్లు తనిఖీ చేయడానికి వస్తున్నాడంటే నా పరుపు చుట్టి మంచం కిందికి తోసేవాళ్ళు, నా పళ్ళబ్రష్షు ఎవరి హ్యాండ్‌బ్యాగులోకో పోయేది, నేను వీధిలోకి పోయేదాన్ని.

అసలు నేను చదువుకని ఈ పరాయి దేశంలో దిగకముందే వేరేచోట గది మాట్లాడుకున్నాను. ఫోటోలు చూశాను, అడ్వాన్సు పంపాను. తీరా వచ్చి బెల్లు కొడితే తలుపు తీసిన ముసలాయన, తమ ఇంట్లో అద్దె గదులే లేవన్నాడు. రెండు సూట్‌కేసుల మధ్య ఫుట్‌పాత్ మీద కూర్చుని ఏడుస్తూ, కాలేజీ వాట్సాప్ గ్రూపులో దొరికిన ఒక నంబరుకి ఫోన్ చేశాను. వచ్చి తీసుకెళ్ళింది పెద్దక్క. నాకంటే రెండేళ్ళే పెద్ద. ఇల్లు తన పేరు మీద తీసుకుంది కాబట్టి అందరికీ పెద్దక్క. మా అమ్మ ఫోన్లో తనతో "నీ చెల్లెలనుకోమ్మా" అంది. "అనుకునేదేముందండీ, చెల్లెలే" అంది పెద్దక్క. ఆ మాట విన్నాకే అమ్మ అన్నం తిందట.

నేను పుట్టు పిరికిదాన్ని. మా సంగతి బయటపడితే నలుగురినీ సామాన్లతో సహా పంపించేస్తారు. మిగతా వాళ్ళకి ఎక్కడో ఒకచోట ఇల్లు దొరుకుతుంది, నాకు మళ్ళీ ఫుట్‌పాతే. అందుకే బెల్లు మోగితే చాలు, వచ్చింది పార్సిల్ తెచ్చినవాడైనా సరే, నేను వెనక గదిలోకి పరిగెత్తేదాన్ని.

ఆ రోజు తనిఖీ ఉందని పొద్దున్నే లైబ్రరీకి వెళ్ళిపోయాను. మధ్యాహ్నానికి ఒళ్ళు కాలిపోతోంది. పళ్ళు టకటక కొట్టుకుంటుంటే పక్క కుర్చీ అమ్మాయి లేచి దూరంగా పోయి కూర్చుంది. ఏజెంటు వచ్చి వెళ్ళిపోయే ఉంటాడని నాకు నేనే చెప్పుకుని, వానలో తడుస్తూ ఇంటికొచ్చాను. అలవాటు ప్రకారం చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి అడుగుపెట్టాను. నన్ను చూడగానే పెద్దక్క ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ఇంకా రాలేదే అతను. ఎందుకొచ్చావిప్పుడు?" అంది.

నేను నోరు తెరిచేలోపే బెల్లు మోగింది. మిగతా ఇద్దరూ క్లాసులో ఉన్నారు. పెద్దక్క నన్ను రెక్క పట్టుకుని వెనక గదిలోకి ఈడ్చుకెళ్ళి, గోడ అలమరాలో కోట్ల మధ్యకి తోసి తలుపు వేసింది.

లోపల చీకటి. ఎవరిదో జాకెట్టు జిప్పు నా చెంపకి గుచ్చుకుంటోంది. దగ్గు తన్నుకొస్తుంటే స్కార్ఫు నోట్లో కుక్కుకున్నాను. ఏజెంటు లోపలికి వస్తూనే అడిగింది నా చెప్పుల గురించి. ఇంట్లో కనిపిస్తున్నది ఒక్కరే కదా, గుమ్మంలో ఈ తడి చెప్పులు ఎవరివని. తనవేనని, చెత్త పారేయడానికి వెళ్ళొచ్చానని చెప్పింది పెద్దక్క. ఆ చెప్పుల్లో తన పాదం సగం కూడా పట్టదు.

అతను సారీ చెప్పి కొత్త సంగతి ఒకటి బయటపెట్టాడు. ఈ వానలకి గోడలు చెమ్మ పడుతున్నాయని ఇంటి ఓనరు గోల పెడుతున్నాడట. అందుకని ప్రతి అలమరా తెరిచి, వెనక గోడకి చెమ్మ కొలిచే మిషను ఆనించి చూడాలట. ఇదివరకు వచ్చినప్పుడు కిటికీలు, కుళాయిలు తప్ప ఏమీ చూసేవాడు కాదు. వంటగది అలమరా కిర్రుమంది, మిషను కీచుమంది. తర్వాత హాల్లోది. తర్వాత ముందు గదిలోది. పెద్దక్క అతని వెంటే నడుస్తూ టీ తాగమంది, వాన ఎప్పుడు తగ్గుతుందో అంది, వెనక గదిలో ఆడపిల్లల బట్టలున్నాయి వద్దంది. అతను మర్యాదగానే, తన పని తనకు తప్పదన్నాడు. మొక్కుకుందామంటే ఒక్క దేవుడి పేరూ నోటికి రాలేదు. అడుగులు నా ముందుకొచ్చి ఆగాయి.

తలుపు తెరుచుకుంది. అతను కెవ్వుమని వెనక్కి గెంతాడు. మిషను కింద పడింది. ఎవరీమె అని పెద్దక్కని అడిగాడు.

"నాకు తెలీదు" అంది పెద్దక్క అతని భాషలో. "ఎవరో, ఎలా వచ్చిందో, నాకేం తెలీదు."

అతను జేబులోంచి ఫోన్ తీశాడు. పోలీసులకని చెప్పకపోయినా అర్థమైంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. దేశం కాని దేశంలో, పరాయి ఇంట్లో, అలమరాలో దొరికిన దొంగని. చదువు, వీసా, అమ్మ, అన్నీ ఒక్కసారే కళ్ళ ముందు తిరిగాయి. స్కార్ఫు నోట్లోంచి లాగాను. చాలా చెప్పాలనుకున్నాను గానీ ఒక్క మాటే వచ్చింది.

"అక్కా" అన్నాను.

తను నా వైపు చూడకుండానే తెలుగులో అంది, "నోరు ముయ్యి. నన్నలా పిలవకు."

కానీ అతని వేలు ఫోన్ మీదే ఆగిపోయింది. మనవాళ్ళు అద్దెకుండే ఇళ్ళు చాలా చూసుంటాడు. మన భాషలో ఆ ఒక్క మాటా అతనికి తెలుసు. మీరు అక్కచెల్లెళ్ళా అని అడిగాడు.

పెద్దక్క ఫోన్ వంక చూసింది, నా వంక చూసింది. అవును, మా చెల్లెలే అంది. చూడ్డానికి వచ్చిందని, జ్వరంతో ఉందని, కొత్త మనిషంటే భయమని చెప్పింది. అతనేం వెర్రివాడు కాడు. ఇద్దరినీ కాసేపు చూసి, మిషను తీసుకుని నా తల వెనక గోడకి ఆనించాడు. గోడ బాగా చెమ్మగా ఉంది, తలుపు తెరిచి ఉంచమన్నాడు. చుట్టాలు నాలుగు రోజులుంటే పరవాలేదు గానీ ఈసారి వచ్చేసరికి కనిపించకూడదని చెప్పి వెళ్ళిపోయాడు.

గడియ పెట్టి పెద్దక్క నన్ను వాటేసుకుని భోరుమంది. భయంతో అన్నానే, ఆ మాట నా నోట ఎలా వచ్చిందో అని ఒకటే ఏడుపు. పరవాలేదన్నాను. నిజంగానే నాకు కోపం రాలేదు. తన చోట నేనుంటే ఇంకా ముందే అనేసేదాన్ని. నన్ను భయపెట్టింది అదే. ఈ దేశంలో నాకున్నది ఆ ఒక్క మనిషి, ఆమెకి కూడా నాకున్నంత భయం ఉంది.

సాయంత్రానికి జ్వరం పెరిగింది. గొంతు ఎండిపోయింది. వంటగదిలో తను గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఒక్క కేక వేస్తే నీళ్ళు తెస్తుంది. నోరు తెరిచాను. మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకేమని పిలవాలో తోచలేదు. గోడ పట్టుకుని లేచి, వంటగదిలోకి వెళ్ళి, గ్లాసులో నీళ్ళు పట్టుకుని తాగాను.

"పిలిస్తే నేనే తెచ్చేదాన్నిగా" అంది.

తలూపాను.