దసరా మర్నాటి కంప్యూటర్

దసరా మర్నాడు పొద్దున్న పదింటికి మా కోడలు శ్రీదివ్య కంప్యూటర్ బటన్ నొక్కింది. ఫ్యాను గిర్రున తిరిగింది, నాలుగు లెక్కపెట్టేలోగా ఆగిపోయింది. ప్లగ్గు తీసి మళ్ళీ పెట్టినా అదే తంతు. మావాడు అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయాడు. దివ్యకి పదకొండింటికి ఆన్‌లైన్ పరీక్ష. మనవరాలు సహస్ర పుట్టాక మానేసిన ఉద్యోగం మూడేళ్ళకి మళ్ళీ చేతికొచ్చేలా ఉంది. ఆ పరీక్ష ఫోనులో రాయనివ్వరట, ఇంకో తేదీ ఇవ్వరట.

 పండగ ముందురోజే నేను ఆ ఉద్యోగం గురించి నోరు పారేసుకున్నాను. "నువ్వు తలుపేసుకుని కూర్చుంటే పిల్లనెవరు చూస్తారు? నా వల్ల కాదమ్మా" అన్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోటికి ఊరిదాకా ఎందుకు, వంటిల్లే మంచిగా ఉండదు. దివ్య పిల్లని ఎత్తుకుని వంటింట్లోంచి వెళ్ళిపోయింది. అన్న మాటే నన్ను రెండు రోజులుగా తినేస్తోంది.

మా బౌరంపేట ఇంటి ఓనరుగారి కూతురు తృప్తికి మేడ్చల్‌లో కంప్యూటర్ రిపేరు షాపుంది. షాపుకి బయల్దేరుతున్న పిల్లని మెట్ల మీదే ఆపి తీసుకొచ్చాను. వచ్చీరాగానే డబ్బా పక్క రేకు విప్పింది, దుమ్ము ఊదింది, లోపలి ర్యామ్ ముక్క తీసి సహస్ర పెన్సిలు రబ్బరుతో రుద్ది పెట్టింది. మళ్ళీ అంతే, నాలుగు క్షణాలు.

"బోర్డు పోయినట్టుంది అక్కా. షాపుకు తీస్కపోయి సూడాలె. సాయంత్రం దాంక పడ్తది" అంది.

దివ్య గడియారం వైపు చూసింది. పదీ ముప్పై అయిదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నాకు ఊరికే నిలబడబుద్ధి కాలేదు. కింద చతికిలబడి ఆ డబ్బా మొహం చూశాను. నిన్న ఆయుధపూజలో మిక్సీకి, స్కూటర్‌కి, దీనికీ గంధం అద్ది కుంకుమ పెట్టింది నేనే. గుండ్రటి బటన్ నుదురులా కనిపించి దాని మీదే దిట్టంగా పెట్టాను. పూజయ్యాక ఆ రోజంతా కంప్యూటర్‌ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఇంటినిండా బొట్లే కాబట్టి వీళ్ళిద్దరూ ఈ బొట్టుని పట్టించుకోలేదు. కానీ పెట్టినదాన్ని కదా, నాకు తెలిసిపోయింది. నిన్న పైకి ఉన్న బొట్టు ఇవాళ లోపలికి దిగబడి ఉంది.

చెబితే కావాలనే చేశాననుకుంటుంది. చెప్పకపోతే డబ్బా మేడ్చల్ పోతుంది, పరీక్షా పోతుంది.

"తృప్తీ, ఆ బటన్ చూడమ్మా. గంధం సందులోకి దిగి ఎండిపోయినట్టుంది. పెట్టింది నేనే" అన్నాను.

తృప్తి గోటితో గీకి చూసింది. "అయ్యో పెద్దమ్మా! బటన్ లోపల్నే ఇరుక్కుంది. మనం నొక్కి పట్టుకున్నట్టే లెక్క, గందుకే బందయితాంది. మా నాయిన జేసీబీకి గూడ మస్తు బొట్లు పెడ్తడు గని, తాళం సందుల పెట్టడు!"

అంటూనే బటన్ వైరు లాగేసి, బోర్డు మీద ఆ వైరు తగిలించి ఉండే రెండు ముళ్ళకి స్క్రూడ్రైవర్ మొన తాకించింది. ఫ్యాను తిరిగింది. నాలుగు లెక్కపెట్టాను. అయిదు. పది. తెర వెలిగింది. "అమ్మయ్య" అన్నాను, వీధిలోకి వినపడేలా.

వెంటనే దివ్య చెయ్యి పట్టుకున్నాను. "ఒట్టు, కావాలని చెయ్యలేదే."

అది కళ్ళు తుడుచుకుంటూ నవ్వేసింది. "కావాలనుకుంటే మీరు గంధం పెట్టరు అత్తయ్యగారూ. వైరు పీకి పారేసి, పీకానని మొహం మీదే చెప్పేస్తారు. మీ సంగతి నాకు తెలీదా?"

ఇంతకన్నా మంచి మాట నన్ను ఎవరూ అనలేదు. పదీ యాభై అయింది. సహస్రని చంకనేసుకుని గుమ్మం దాటాను.

"ఒంటిగంటకి అయిపోతుంది అత్తయ్యగారూ. అప్పటిదాకా చూస్తే చాలు" అంది దివ్య.

"ఉద్యోగం వస్తే ఒంటిగంటకి వదులుతారా? ఆరింటిదాకా ఉంటుందిగా. ఇవాళ్టినుంచే అలవాటు చేసుకుంటాం, నేనూ ఇదీ" అని తలుపు దగ్గరికి వేశాను.