నిమిరే యంత్రం

కార్ల సొట్టలు తీసే ఆ షెడ్డులో ఆయన్ని అందరూ అరచెయ్యి అనేవారు. దెబ్బతిన్న తలుపు ముందుకొస్తే కళ్లు మూసుకుని, ఎడమ అరచేత్తో రేకుని ఒకసారి నిమిరి, వెనకనించి సుత్తితో తట్టి, "ఇక రంగు వెయ్యండి" అనేవాడు. అంతకుమించి మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టుండేవాడు.

షెడ్డు ఆయన బావమరిదిది. పని దగ్గర మొహమాటం లేని మనిషి. రంగులు వేసే పెద్దాయనకి చూపు మందగించిందని తెలిసిన రోజే ఆయన్ని బళ్లు కడిగే మూలకి పంపేశాడు. అది చూసి అరచెయ్యికి గుండెల్లో రాయి పడింది. సుత్తి అదురుకి ఆయన ఎడమ అరచెయ్యి మొద్దుబారి చాలాకాలమైంది. నిప్పురవ్వ పడినా కమురు వాసన వచ్చాకే తెలిసేది. ఆ సంగతి భార్యకి తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఆయనకి దారి చూపించేది సుత్తి చప్పుడే. బాగున్న రేకు గట్టిగా పలుకుతుంది, సాగిన రేకు డొల్లగా పలుకుతుంది. నిమరడం మాత్రం మానలేదు. బండి తెచ్చినవాళ్లు అది చూశాకే నిమ్మళంగా టీకి వెళ్లేవారు.

బావమరిది కూతురు యంత్రాలకి పని నేర్పే చదువు చదివింది. తండ్రిని ఎలాగో ఒప్పించి, షెడ్డులో ఒక యంత్రపు చెయ్యి తెచ్చి బిగించింది. మామయ్య చేతులకి తీగల తొడుగులు వేసి, చుట్టూ కెమెరాలు పెట్టింది.

"నీ పని నువ్వు చేసుకుపో మామయ్యా. అది చూసి నేర్చుకుంటుంది."

"నేనేం చెప్పక్కర్లేదా?"

"నువ్వు నోరు విప్పేసరికి అది తుప్పు పడుతుంది!"

వేసవంతా అది చూసింది. పరీక్ష రోజున రేకుని నిమిరింది. ఎంత బాగా నిమిరిందంటే, చివర్లో ఆయనలాగే మణికట్టు కాస్త విదిలించింది కూడా. తరవాత సుత్తెత్తి, సొట్టని వదిలేసి బాగున్నచోట ఒక్కటిచ్చింది.

"అచ్చం మా బావే! పనొక్కటీ తప్ప అన్నీ వచ్చేశాయి," అన్నాడు బావమరిది. షెడ్డంతా గొల్లుమంది. అయితే నవ్వు ఆగాక కూతురివైపు తిరిగి, "దీనికేనా అంత చదువు?" అన్నాడు.

అందరూ భోజనాలకి వెళ్లాక ఆ పిల్ల మామయ్య పక్కన వచ్చి కూర్చుంది.

"సొట్ట మీదా నున్నటిచోటా నీ చెయ్యి ఒక్కలాగే వెళ్తోంది మామయ్యా. ఎక్కడా ఆగదు, నొక్కదు. అసలు నీకు స్పర్శ తెలుస్తోందా?"

ఆయన ఎడమ చెయ్యి ఒళ్లోకి లాక్కున్నాడు.

"నాన్నకి చెప్పన్లే. దీనికి ఈ పని రాదని చెప్పి వెనక్కి పంపేస్తా."

"నిన్ను తిడతాడు."

"తిట్టనీ. అలవాటేగా."

ఆయన యంత్రం వంక చాలాసేపు చూశాడు. అది చూసిందే చేసింది, పాపం. చూపించిందే అబద్ధం.

"దానికి చెవులు పెట్టమ్మా," అన్నాడు. "నేను వినే కొడతాను."

మైకు తెప్పించాక బావమరిదికి సంగతి తెలియక తప్పలేదు. బావ చేతిని తన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇన్నాళ్లూ నిమిరింది మమ్మల్నన్నమాట!" అన్నాడు. చెయ్యి వదిలేసి, "అది నేర్చుకునేదాకా ఉండు బావా. తరవాత బళ్లు కడుగుదువుగాని. ఒకరికో న్యాయం, నీకో న్యాయం అంటే కుదరదు," అనేసి వెళ్లిపోయాడు.

పిల్ల గొంతు తగ్గించింది. "చిన్న చిన్న సొట్టలతో మొదలెడదాం మామయ్యా. నెమ్మదిగా నేర్పు. కొంపలేం మునిగిపోవు."

ఆయన లేచి, గోడకి ఆనించిన కారు టాపు చూపించాడు. వెడల్పాటి పల్చని రేకు. షెడ్డులో దాన్ని ఆయన తప్ప ఎవరూ ముట్టరు.

"ముందు అది పట్టు."

"అదొక్కటి వస్తే దానికి అన్నీ వచ్చేస్తాయి మామయ్యా! పోనీ, మధ్యమధ్య కాస్త తప్పు కొట్టు."

"కావాలని తప్పు కొడితే, ముందు నాకే వినబడుతుంది కదమ్మా."

ఇద్దరూ కలిసి రేకుని బల్లమీదికి చేర్చారు. ఆయన మైకుని దగ్గరికి జరిపి సుత్తి అందుకున్నాడు.