మందు పలచబడినప్పుడు వచ్చే అత్త

ఆ రోజు ఇంట్లో నాయనమ్మ, జ్వరంతో పడుకున్న పెనీనా అక్క, నేను ఉన్నాం. చనిపోయిన లగీ అత్త కూడా అక్క పక్కనే కూర్చుందని నాయనమ్మ చెప్పింది.

కీళ్లజ్వరం వచ్చిన అక్క గుండె పాడవకుండా నర్సు ఎసెటా నెలనెలా పడవలో మా సమోవా పల్లెకొచ్చి పెన్సిలిన్ సూది వేస్తుంది. చుట్టూ స్తంభాలే తప్ప గోడల్లేని మా ఇంట్లో తలుపున్న గది అక్కదొక్కటే. ఈసారి ఎసెటా రాగానే నాయనమ్మ ఆ తలుపుకు అడ్డంగా నిలబడింది.

“లగీ పట్టిన ఒంట్లో సూది గుచ్చితే దానికి కోపమొస్తుంది. పిల్లను తీసుకుపోతుంది.”

“లగీ కాదు పెద్దమ్మా, మందు అయిపోయింది. కండలో వేసిన మందు మెల్లగా రక్తంలోకి కరుగుతుంది. ఒళ్లు దాన్ని ఒంటేలుతో బయటికి పంపేస్తుంది. పూర్తిగా పోకముందే మళ్లీ వెయ్యాలి. గాలివానకు నేనే ఆలస్యమయ్యాను.”

“నీ నోరు పడవ మోటారే, ఆగదు!”

నేను ఎవరి ముందూ మాట్లాడను. అయినా నోరు తెరిచాను.

“నాయనమ్మా, పోయినేడాది కూడా పడవ రానప్పుడే కదా అత్త వచ్చింది? మందు ఉన్నన్నాళ్లు రాలేదు.”

నాయనమ్మ తలుపు వదిలి పక్కకు జరిగింది.

“అయితే దానికి సూదంటే భయమన్నమాట,” అంటూ ఎసెటాను లోపలికి లాగింది. నేనూ వెళ్లబోయాను.

“నువ్వు బయటే ఉండవే. ఆ విరబోసిన జుట్టు ముడేసుకో, మీ అత్తకు పడదు, వచ్చి పట్టేస్తుంది. దాన్ని బయటికి తోలేస్తున్నాం.”

నా మెడ వెనక అత్త రాసుకునే పూల కొబ్బరినూనె వాసన వచ్చింది. నేను లోపలికి అడుగు వేయకముందే నాయనమ్మ తలుపు మూసేసింది.