ఆయన తినలేదు, ఈవిడ అడగలేదు

ప్రభావతి తెల్లారకుండానే లేచి పులిహోర కలిపింది, గుత్తివంకాయ వండింది, బొబ్బట్లు చేసింది, మధ్యమధ్యలో మొగుణ్ణి తిట్టింది. వంటకీ తిట్లకీ సంబంధం ఏమీ లేదు. కంగారు పుడితే ఆవిడకి ఎదురుగా ఎవరో ఒకరు ఉండాలి, విశ్వనాథం ఆదివారాలు ఇంట్లోనే ఉంటాడు. అదీ ఆయన చేసుకున్న పాపం.

కంగారుకి కారణం లేకపోలేదు. కూతురు రుచితా, ఇక్కడే సింగపూర్‌లో తువాస్ షిప్‌యార్డులో ఇంజనీరుగా చేసే పృథ్వీ ఒకరినొకరు ఇష్టపడ్డారు. పృథ్వీకి తల్లి లేదు, అన్నీ తండ్రే. ఆ తండ్రి సీతారామారావు అమలాపురం నుంచి కొడుకుని చూడటానికి వచ్చి, ఇవాళ బుకిట్ పంజాంగ్‌లో వీళ్ల ఫ్లాటుకి వస్తున్నాడు. ఆయన ఊఁ అంటే పెళ్లి, ఉహూఁ అంటే లేదు. మంగళవారం తిరుగు విమానం.

వచ్చాడు. పెద్దమనిషి, నవ్వు మొహం. విశ్వనాథంతో కొబ్బరి తోటల గురించి కబుర్లాడాడు, రుచితని చదువు గురించి అడిగాడు, కాఫీ తాగాడు. అంతా బాగానే ఉంది. తీరా "లేవండి, వడ్డించేశాను" అని ప్రభావతి పిలిచేసరికి, "ఇప్పుడొద్దమ్మా, మరోసారి చూద్దాం" అన్నాడు. బతిమాలారు. ఒట్టు పెట్టడం ఒక్కటే తక్కువ. ఉహూఁ. చివరికి అరటిపండు కూడా ముట్టకుండా కొడుకుతో కలిసి లిఫ్టెక్కేశాడు.

లిఫ్టు తలుపు మూసుకుందో లేదో ప్రభావతి అందుకుంది. "అయిపోయింది! మనం నచ్చలేదు. పెట్టింది కాదన్నాడంటే పెట్టినవాళ్లని కాదన్నట్టే. మా తెనాల్లో పసిపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు."

"ఆకలి లేదేమోనే," అన్నాడు విశ్వనాథం.

"మిట్టమధ్యాహ్నం ఆకలి వెయ్యని మగాడు ఉంటాడా ఈ భూమ్మీద?"

"పోనీ నువ్వే అడక్కపోయావా, మా అమ్మాయి నచ్చిందా అని?"

"పిల్ల తల్లిని, నేనడగాలా? అడిగితే అంటగట్టినట్టు ఉండదూ? అబ్బాయి తరపు వాళ్లే ముందు నోరు విప్పాలి." అంటూనే ఫోన్ తీసింది. వాళ్లు వద్దనేలోపు మనమే వద్దనేస్తే కాస్త పరువైనా దక్కుతుందని ఆవిడ లెక్క. పృథ్వీకి మెసేజ్ సగం కొట్టేసింది కూడా.

రుచిత ఫోన్ లాగేసుకుంది. ఆ పిల్ల మొహం పాలిపోయి ఉంది, కంగారులో మాటకి సింగపూర్ వాళ్ల 'లా' తగిలింది. "అమ్మా, వెయిట్ లా! నీ లాజిక్ అంతా కరెక్టే. మొదలే డౌటు."

రుచిత యూనివర్సిటీలో పరిశోధన చేసేది దీనిమీదే. ఎంత పెద్ద వాదనకైనా అడుగున, రుజువు లేకుండా ముందే ఒప్పేసుకున్న మాట ఒకటి ఉంటుంది. లెక్కల పుస్తకాల్లో దాన్ని స్వీకృతం అంటారు. ఇంట్లో దాన్ని ఏమీ అనరు, ఎందుకంటే అలాంటిది ఒకటుందని ఎవరికీ తోచదు. కూతురు చదివేది కంప్యూటర్లకి సంబంధించిన చదువేదో అనుకుంటున్న ప్రభావతి ఈ సంగతి వినడం ఇదే మొదటిసారి.

"తినకపోతే నచ్చనట్టే. ఇది నీ స్వీకృతం," అంది రుచిత. "అంకుల్‌ది కూడా అదే అని నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? అందరికీ తెలిసిందేగా!"

"అదే అమ్మా, ఆ 'అందరికీ తెలిసిందే'తోనే వస్తుంది చిక్కంతా."

మర్నాడు సాయంత్రం రుచిత సీతారామారావుని దగ్గర్లోని, చుట్టూ తిండి కొట్లూ మధ్యలో బల్లలూ ఉండే హాకర్ సెంటర్‌కి పిలిచింది. ఇంట్లో తినకపోవడానికి ఆయనకి ఏ నియమం ఉన్నా, ఇల్లే కాని చోట అది పనిచెయ్యదని ఆ పిల్ల ఉపాయం. పృథ్వీ షిఫ్టులో ఉన్నాడు. రుచిత ఖాళీ బల్ల చూసి దానిమీద టిష్యూ ప్యాకెట్ పెట్టి, ఆయన్ని తీసుకురావడానికి స్టేషన్‌కి వెళ్లింది. వచ్చేసరికి జనం కిటకిటలాడుతున్నారు, ఆ బల్ల మాత్రం అలాగే ఖాళీగా ఉంది. సీతారామారావు నోరు తెరిచాడు.

"కాపలా లేదు, పేరు రాయలేదు. దీన్ని ఎవరూ తీసి పారెయ్యరా?"

"చోప్ అంటారు అంకుల్. ప్యాకెట్ ఎవరు పెడితే ఆ చోటు వాళ్లది. అందరూ ఒప్పేసుకున్నారు, అంతే."

"ఆహా!" అన్నాడాయన, ఎంతో మెచ్చుకోలుగా.

ఈలోగా ప్రభావతీ విశ్వనాథం కూడా వచ్చారు. విశ్వనాథం వేడివేడి దోసెలు తెచ్చాడు. అందరూ తింటున్నారు. సీతారామారావు ముందు ప్లేటు మాత్రం కదల్లేదు. ప్రభావతి మొగుడి వైపు 'చూశారా' అన్నట్టు చూసింది. రుచిత ఇక ఆగలేక అడిగేసింది. "అంకుల్, మా దగ్గర ఎందుకు తినరు?"

ఆయన ఇబ్బందిగా కదిలాడు. "మాట కలవకముందు పిల్ల ఇంట్లో మేం విస్తరి ముందు కూర్చోమమ్మా. తిన్నామంటే సరేనన్నట్టు. ఊరికే తిని లేచిపోతే పిల్లకి అవమానం కదా."

ప్రభావతి చేతిలో దోసె ముక్క చేతిలోనే ఆగిపోయింది. మర్యాద కోసమా ఈయన పస్తున్నది! హాస్టళ్లలో పెరిగిన ఆ పృథ్వీకి ఈ ముక్క తెలిసి చస్తేగా!

"మరి సరే అనచ్చుగా అంకుల్?"

"ఎలా అంటానమ్మా? నచ్చిందా అని పిల్ల తల్లి నోటివెంట రావాలి. రాలేదంటే వాళ్లకే ఇష్టం లేదన్నమాట. నిన్నటినుంచీ నాకు కంటిమీద కునుకుంటే ఒట్టు."

"అయ్యో అంకుల్, పోనీ ఇది మా ఇల్లు కాదుగా! హాకర్ సెంటర్ లా! తినండి."

ఆయన టిష్యూ ప్యాకెట్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఇది పెట్టిందెవరు తల్లీ?"

"నేనే."

"పెట్టినవాళ్లదే చోటని నువ్వేగా చెప్పావు. మీరు లేచేదాకా ఇది మీ ఇల్లే."

ఆయన తప్పు చెప్పలేదు. రుచిత ఒప్పించిన మాటతోనే రుచితని కట్టేశాడు. తెలివంతా అయిపోయింది, రేపు విమానం, ఎదురుగా దోసె చల్లారిపోతోంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి, కనపడకుండా తల దించుకుంది.

తల్లికి కనపడకుండా ఉంటుందా? పరువూ, తెనాలీ, ముందు నోరు విప్పాల్సిందెవరో అన్న పట్టుదలా అన్నీ గొంతుకి అడ్డం పడ్డాయి. ప్రభావతి అన్నిటినీ ఒక్క గుక్కలో మింగేసింది.

"అన్నయ్యగారూ," అంది. "మా పిల్ల మీకు నచ్చిందా?"

సీతారామారావు ప్లేటు ముందుకి లాక్కున్నాడు, ముక్క తుంచాడు, నోట్లో పెట్టుకున్నాడు. తల ఎత్తకుండా మొత్తం తినేశాడు. అప్పుడు మాట్లాడాడు.

"ఇంకో దోసె చెప్పు చెల్లెమ్మా. నిన్నటినుంచీ అన్నం సయించలేదు నాకు."

విశ్వనాథం లేవబోయాడు గానీ ప్రభావతి ఆయన్ని భుజం పట్టుకుని కూర్చోబెట్టేసింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ తనే పరుగెత్తింది. దోసెల దగ్గర పెద్ద వరస ఉంది. ముందున్న చైనా ముసలమ్మతో, "మా వియ్యంకుడికి ఆకలేస్తోందండీ!" అని తెలుగులోనే చెప్పింది.

ఆవిడకి ఏమర్థమైందో ఏమో గానీ, నవ్వి దారిచ్చింది.