యువరాజ్ కంటి పట్టీ

మా ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా రెండు రావాలి. అది మా అత్త కదిరమ్మ పెట్టిన చట్టం. కవలలు పుట్టిన రోజు ఆసుపత్రిలోనే చెప్పేసింది, ఒకడికి పెట్టి ఇంకొకడికి పెట్టకపోతే పెట్టనివాడి ఉసురు తగులుతుందని. గిన్నెలూ చొక్కాలూ వరకు నాకూ అభ్యంతరం లేదు. కానీ ఆమె అక్కడితో ఆగలేదు. యువరాజ్‌కు దగ్గు వస్తే కషాయం ఉదయ్ కుమార్‌కు కూడా పట్టేది. ఉదయ్ మోకాలు గీసుకుపోతే యువరాజ్ మోకాలికి కూడా పసుపు పూసేది. నేను ఎన్నోసార్లు నవ్వాను, కొన్నిసార్లు కసురుకున్నాను. ఆమె మానలేదు.

పెనుకొండలో అద్దె ఇల్లు మాది. మా ఆయన సురేంద్ర ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. నేను హిందూపురం గార్మెంట్స్‌లో చొక్కాలకు కాలర్లు కుడతాను. పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కితే మళ్లీ ఇంటి మొహం చూసేది సాయంత్రమే. పిల్లల్ని చూసుకోవడానికి అత్త కొత్తచెరువు దగ్గరి పల్లెలో చేనును పంటలో వాటాకు, కోరుకు ఇచ్చి వచ్చింది. ఆమె లేకపోతే మా ఇల్లు ఒక్క రోజు నడవదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అందుకే నోటికి వచ్చినదాంట్లో సగం మింగి సగమే అంటుంటాను.

పిల్లలకు ఐదేళ్లు నిండిన ఏడాది బడిలో కంటి పరీక్షలు పెట్టారు. యువరాజ్ ఎడమ కన్ను సరిగా కనపడటం లేదని చీటీ పంపారు. నేను నమ్మలేదు. వీధిలో అందరికన్నా ముందు పరిగెత్తేవాడు వాడే. ధర్మవరంలో పిల్లల కళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె వాడి కుడి కన్ను మూసి, గోడ మీద అక్షరాలు చదవమంది. గోడ యాడుంది అన్నట్టు నిలబడ్డాడు వాడు.

డాక్టరమ్మ ఓపిగ్గానే చెప్పింది. కుడి కన్ను రెండు కళ్ల పనీ చేస్తోంది కాబట్టి ఎడమ కన్ను పని నేర్చుకోవడం మానేసిందట. అద్దాలు పెట్టి, మంచి కన్నును రోజూ కొన్ని గంటలు పట్టీతో మూసేస్తే, గత్యంతరం లేక ఆ సోమరి కన్ను చూడటం నేర్చుకుంటుందట. ఇప్పుడైతే నేర్చుకుంటుంది, ఏడెనిమిదేళ్లు వచ్చాయంటే ఇక కష్టం, ఆ కన్ను జీవితాంతం అంతే, అంది. ఆపరేషన్ అంటారేమో అని వణికిపోతూ వెళ్లిన నేను, ఓస్ పట్టీయే కదా అని ఊపిరి పీల్చుకున్నాను. అంత తెలివితక్కువ ఊపిరి నా జన్మలో పీల్చలేదు.

ఇంటికి వచ్చి అత్తను కూర్చోబెట్టి చెప్పాను. బడి నుంచి రాగానే కుడి కంటికి పట్టీ అంటించాలి, పైన అద్దాలు పెట్టాలి, నేను బస్సు దిగేదాకా తీయకూడదు. ఆదివారం ఒక్కరోజు బిడ్డకు సెలవిద్దాం అని ఆమె అంటే, పోనీలే అని ఒప్పుకున్నాను. అద్దాలకు వాడేమీ పేచీ పెట్టలేదు. రోజూ సాయంత్రం చెప్పులు విడవకముందే అడిగేదాన్ని, పట్టీ వేసినావా అత్తా అని. వేసినానమ్మా అనేది. పెట్టెలో పట్టీలు తగ్గుతూ వచ్చాయి. నేను నిశ్చింతగా ఉన్నాను.

కొన్ని నెలలకు మళ్లీ చూపించుకోవడానికి ధర్మవరం రైలెక్కాం. మా ఆయనకు షిఫ్టు ఉండటంతో నేను, అత్త, ఇద్దరు పిల్లలు వెళ్లాం. డాక్టరమ్మ అన్నీ చూసి, ఏమీ మార్పు లేదంది. పట్టీ సరిగా వేస్తున్నారా అని అడిగింది. నాకు చర్రున కోపం వచ్చింది. ఆదివారం తప్ప ఒక్కరోజూ మానలేదు మేడం, కావాలంటే మా అత్తనే అడగండి అన్నాను. ఆమె నా మాట కాదనలేదు. పట్టీ పక్కలో సందు ఉంటే పిల్లలు అందులోంచి చూస్తుంటారు, ఎలా అంటిస్తున్నారో చూద్దాం అంటూ కొత్త పట్టీ ఒలిచి యువరాజ్‌ను దగ్గరికి పిలిచింది.

వాడు రెండడుగులు వెనక్కి వేసి, ఉదయ్‌ను ముందుకు తోశాడు.

"ఈపొద్దు వీని వంతు మేడం."

ఉదయ్ బుద్ధిగా ముందుకు వచ్చి, మొహం పైకెత్తి, కళ్లు మూసుకొని నిలబడ్డాడు. వాడికి ఆ పని బాగా అలవాటని చూసినవాళ్లెవరికైనా తెలిసిపోతుంది.

డాక్టరమ్మ నా వైపు చూసింది. నేను అత్త వైపు చూశాను. ఆమె తడబడలేదు, తల దించుకోలేదు. దినం మార్చి దినం ఇద్దరికీ వేస్తున్నానని, కష్టమంతా ఒకడికే పెడితే ఎట్లని, చాలా మామూలుగా చెప్పింది. డాక్టరమ్మ అప్పటికప్పుడు ఉదయ్ కళ్లు కూడా పరీక్ష చేసింది. వాడి అదృష్టం, కన్ను బాగానే ఉంది. బాగున్న పిల్లవాడి కన్ను మూయడం ఆటలు కాదమ్మా అని అత్తకు చెప్పింది. నాకు మాత్రం, ఇంకా టైం ఉంది కానీ పారేసుకునేంత లేదు, ఇక మీదట గంటలు పెంచాలి అని చెప్పింది. ఆ నెలల్లో సగం రోజులు గాలికి పోయాయి. సర్కస్ చూసి వచ్చినవాళ్ల లాగా పిల్లలిద్దరూ నవ్వుకుంటూ మెట్లు దిగారు.

రైల్లో నేను నోరు విప్పలేదు. విప్పితే పక్కవాళ్లు చైను లాగి దిగిపోయేవాళ్లు. ఇంటికి వచ్చి తలుపు వేసి మొదలుపెట్టాను. ఏం అన్నానో అంతా ఇక్కడ రాయను. బిడ్డ కన్ను పోగొట్టడానికి వచ్చినావా అన్నదాకా పోయాను. అత్త ఆ మాటకు లేచి నిలబడింది.

"సురేంద్రకు చిన్నప్పుడు విషజ్వరం వచ్చి ఒళ్లు తెలీకుండా పడుంటే, వాని బదులు నేను కదిరి గుడికి పోయి గుండు కొట్టిచ్చుకుంటి. మూడోనాడు లేసి సంగటి అడిగినాడు వాడు. ఒకరి కష్టం ఇంకొకరు మోస్తే తప్పని నాకు ఎవురూ చెప్పలేదు. ఆ పట్టీ ఏస్తానే యువరాజు గోడకు అతుక్కొని కూకుంటాడు, ఒక్కనాడన్నా చూసినావా నువ్వు? ఉదయ్‌గాడే వచ్చి నాకెయ్యి అవ్వా, వాన్ని ఇడిసిపెట్టు అన్న్యాడు. నేను ఏసినా."

"కన్ను మొక్కుబడి కాదత్తా," అన్నాను. "వాని కన్నుతో వాడే చూడాల. బదులుకు ఎవురు మూసుకున్యా దానికి చూపు రాదు."

ఆమె బట్టలు సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టింది. అప్పుడే షిఫ్టు నుంచి వచ్చిన మా ఆయన ఇద్దరి మొహాలూ చూసి, చెంబెడు నీళ్లు తాగి, స్నానానికి పోయాడు. మా ఇంట్లో గొడవ జరిగిన ప్రతిసారీ ఆ మనిషికి ఒళ్లు కడుక్కోవాలనిపిస్తుంది. బయటికి వచ్చాక మాత్రం ఒక మాట అడిగాడు, అమ్మను పంపిస్తే పిల్లల్ని ఎవరు చూస్తారని. సంచి తలుపు పక్కనే ఉండిపోయింది. నేను ఫ్యాక్టరీలో వారం సెలవు పెట్టాను. నా కొడుక్కి పట్టీ నేనే వేసుకుంటాను, ఎందుకు కాదో చూస్తాను అనుకున్నాను.

ఆ వారం చూశాను. పట్టీ అంటించిన క్షణం నుంచి వాడు నా కొడుకులాగా లేడు. వీధంతా నాదే అని తిరిగేవాడు, గడప దాటడానికి కాలు గాల్లో పెట్టి వెతుక్కున్నాడు. నీళ్ల గ్లాసు ముందు పెడితే దాని పక్కన తడిమాడు. పలక మీద చెయ్యంత అక్షరం రాసి ఏంటిది నాయనా అంటే, ఏం లేదు అన్నాడు. దగ్గరి పనులు చేయించమని డాక్టరమ్మ చెప్పింది కదా అని పూసలు తెచ్చి ముందు పోశాను. వాడు వాటిని ముట్టుకోలేదు. గోరు పట్టీ అంచుకు పోతూనే ఉంది, నేను చేతులు పట్టుకుంటూనే ఉన్నాను. ఒక్కసారి నువ్వేసుకోరా అని ఉదయ్‌ను బతిమాలాడు. ఉదయ్ చేతులు వెనక్కి కట్టుకొని నా మొహం చూశాడు. వాణ్ని ఆడుకోమని బయటికి పంపేశాను.

మూడో రోజుకు వాడికన్నా నేనే ఎక్కువ ఏడ్చాను. అత్త ఎందుకు కరిగిపోయిందో నాకు అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కోపం పోలేదు. జాలిపడితే కన్నుకు చూపు రాదు కదా. అత్త ఇవన్నీ వంటింటి వాకిట్లోంచి చూస్తూ ఊరుకుంది. ఆమె ఊరుకోవడం మీద కూడా నాకు కోపమే.

సెలవు అయిపోయే సాయంత్రం అత్త నా దగ్గరికి వచ్చి, పట్టీ ఉన్నప్పుడు వాడు ఏం పని చేయాలని చెప్పిందో డాక్టరమ్మ, ఇంకోసారి చెప్పమంది. సన్నటివి చూసే పని ఏదైనా సరే, కానీ ఇష్టంగా చేయాలి అని చెప్పాను. ఉదయ్‌కు మళ్లీ వేస్తే ఊరుకోను అని కూడా చెప్పాను. బదులు పనికిరాదంటివి కదా, సరే, అని గిన్నెలు తోముకోవడానికి పోయింది.

మళ్లీ పనిలోకి పోయాను. చేతులు కాలర్లు కుడుతున్నాయి కానీ మనసంతా పెనుకొండలోనే. సాయంత్రం రాగానే ఉదయ్ మొహం లైటు కిందికి తిప్పి, కంటి చుట్టూ జిగురు ఉందేమో చూసేదాన్ని. ఏమీ కనపడేది కాదు. యువరాజ్ ఏడుపు కూడా తగ్గింది. ఏడుపు తగ్గడమే నాకు అనుమానం. ఇంతలో పట్టీల పెట్టె అయిపోవాల్సిన నాటికన్నా చాలా ముందే అడుగుకు వచ్చేసింది. గుడ్డు పెంకు లాంటి ఆ ఖాళీ అట్టపెట్టె చేత్తో పట్టుకున్నప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ వంతులే. ఉదయ్ మొహం నూనెతో తుడిచి నా ముందు నిలబెడుతోంది ముసలామె. అడిగితే ఏం లాభం, కళ్లతో పట్టుకోవాలి అనుకున్నాను.

ఆ వారమే ఒక రోజు కుట్టు మిషన్లు చెడిపోయి, మా లైను వాళ్లను మధ్యాహ్నమే పంపేశారు. కంపెనీ బస్సు కోసం ఆగకుండా దొరికిన బస్సు ఎక్కి, బడి వదిలిన కాసేపటికల్లా వచ్చేశాను. రేపటి నుంచి పని మానేస్తాను, ఆమెను కొత్తచెరువు బస్సు ఎక్కిస్తాను అని దారంతా మాటలు పేర్చుకున్నాను. మా వీధి మొదట్లోనే ఉదయ్ కనపడ్డాడు, నలుగురు పిల్లలతో సైకిల్ టైరు దొర్లిస్తున్నాడు. గడ్డం పట్టుకొని మొహం చూశాను. పట్టీ లేదు, జిగురు లేదు, నూనె లేదు. చెమటా మట్టీ, అంతే. నా చెయ్యి విదిలించుకొని టైరు వెనక పరిగెత్తాడు.

ఇంటి తలుపు తెరిచే ఉంది. గడప దగ్గర ఆగిపోయాను.

నడవలో అత్త కాళ్లు చాపుకొని కూర్చుంది. ముందు చేట, చేట నిండా ఉలవలు. ఎదురుగా యువరాజ్, కుడి కంటికి పట్టీ, పైన అద్దాలు. అత్త కుడి కంటికి కూడా పట్టీ ఉంది. బొమ్మ వేసిన తెల్లటి పిల్లల పట్టీ, ముడతలు పడిన ఆ మొహం మీద ఎబ్బెట్టుగా ఉంది. అత్తకు ఎడమ కంట్లో పొర వచ్చి ఏడాది దాటింది. ఆపరేషన్ అంటే రేపు మాపు అని దాటేస్తోంది. ఆమె మూసుకున్నది చూపున్న కన్ను. అంటే ఇప్పుడు ఆమెకు వెలుగు తప్ప ఏమీ కనపడదు.

"నాకేం అగపడలేదప్పా," అంటోంది అత్త చేటలో చెయ్యాడిస్తూ. "ఈ రాళ్లతోనే ఉడకబెడితే మీ నాయన పండ్లు ఊడతాయి. నువ్వే చూడల్ల."

ఉలవల్లో రాయి అంటే మాటలు కాదు. అదే రంగు, అదే సైజు. నాకే ఒకటి రెండు తప్పిపోతుంటాయి. వాడు ముక్కు చేటకు ఆనేదాకా వంగాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. గోరు పట్టీ దగ్గరికి పోలేదు.

"ఈడుండాది అవ్వా. నీ బొటనేలు కింద." అత్త వేలు పక్కకు జరిపి, రాయి తీసి, ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె వేళ్లతో నలిపి చూసి, అవునప్పా రాయే, అంది.

పట్టీలు ఎందుకు అంత తొందరగా అయిపోయాయో అప్పుడు తెలిసింది. అత్త మీద ప్రేమ అనే మాట ఇంతవరకు నేను వాడలేదు, ఆ క్షణం మాత్రం అదే. చేతిలో ఉన్న క్యారియర్ చప్పుడు కాకూడదని గుండెకు అదుముకున్నాను. చున్నీ నోట్లో కుక్కుకున్నాను. కన్నీళ్లు మాత్రం నా మాట వినలేదు.

నడవలో వెలుగు తగ్గినట్టు అనిపించిందేమో, అత్త తల ఎత్తింది.

"ఎవురప్పా వాకిట్లో?"

యువరాజ్ వాకిలి వైపు తిరిగాడు. అద్దాల వెనక ఆ ఒక్క ఎడమ కన్ను చిట్లించి, నన్ను కాసేపు చూశాడు.

"అమ్మ," అన్నాడు. ఇంకొంచెం చూశాడు. "ఏడుస్తాండాది."