మార్చురీ కంప్యూటర్‌ని పైకెక్కించిన రోజు

ఆ కంప్యూటర్‌ని చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. ఒకప్పుడు తెల్లగా ఉండేదట, ఇప్పుడు ముసలివాళ్ళ పళ్ళ రంగు. ఫ్యాను తిరుగుతుంటే గదంతా ఒకటే మూలుగు. ఆసుపత్రి కింది అంతస్తులో గోడ పొడుగునా ఇనప సొరుగులు. ఏ సొరుగులో ఎవరున్నారో చెప్పేది అదొక్కటే. అది ఏ పూటైనా గుటుక్కుమంటే లోపలివాళ్ళ లెక్క కూడా దాంతోనే పోతుందని పైవాళ్ళకి ఇన్నేళ్ళకి భయం పట్టుకుంది. పెట్టెని పారేసి, దాని లోపలున్నదంతా ఉన్నదున్నట్టు తోడి, మేడమీద సర్వర్‌లో పెట్టమన్నారు. అప్పుడది పెట్టె లేని కంప్యూటర్ అవుతుంది. వర్చువల్ మెషీన్ అంటారు. ఒక ఒంట్లోంచి ప్రాణం తీసి ఇంకో ఒంట్లో పెట్టడం లాంటి పని, చెప్పినంత తేలిక కాదు.

ఆ పని మీద వచ్చినవాడికి జుట్టు సగం నెరిసింది. అయినా మార్చురీలో పనిచేసే పిన్ని అతన్ని కంప్యూటరబ్బాయి అనే పిలిచేది. ఆవిడ ఎవరికీ పిన్ని కాదు, అలాగని అందరికీ పిన్నే. సూపరింటెండెంటు గారు కూడా పిన్నీ అనే అంటారు. నోరు మాత్రం చెప్పొద్దూ, గేటు దాకా వినిపిస్తుంది. సొరుగుల్లో ఉన్నవాళ్ళతో కూడా మాట్లాడుతుంది. ఏం బాబూ, ఇంకా మీవాళ్ళు రాలేదా, ఇవాళైనా వెళ్తావా లేదా అని దెప్పుతుంది. మొదట్లో కంప్యూటరబ్బాయికి ఒళ్ళు జలదరించింది. రెండ్రోజులకి అలవాటైపోయింది.

కాపీ దగ్గరే అతనికి తల ప్రాణం తోకకొచ్చింది. పాత డిస్కులో అక్కడక్కడా చెడిపోయింది, ప్రతిసారీ చివరిదాకా వచ్చి చతికిలబడేది. ఆ చెడినచోట్లు దాటించి ఎలాగో తోడాడు. పైన సర్వర్‌లో లేపితే, కంప్యూటర్ చతికిలబడ్డప్పుడు వచ్చే నీలం తెర వేసుకుని కూర్చుంది. కొత్త ఇంట్లో డిస్కుని గుర్తుపట్టే డ్రైవర్ అనే ప్రోగ్రాం దానికి లేదు మరి. అది ఎక్కించాడు. లేచింది కానీ నెట్‌వర్క్ లేదు. పాత పెట్టెలోని నెట్‌వర్క్ కార్డు ఇప్పుడు లేకపోయినా, దాని పేరుతో ఉన్న చిరునామా లోపల అలాగే అంటిపెట్టుకుని ఉంది. కొత్త కార్డుకి ఆ చిరునామా ఇవ్వబోతే, వేరేవాళ్ళు ఉంటున్నారు పొమ్మంటోంది. లోపల దాచిపెట్టిన పరికరాల జాబితాని బయటికి లాగి, ఆ లేని కార్డుని పీకేసరికి దారికొచ్చింది. ఈ పనిలో అతను తలపండినవాడు. ఆ గర్వం కొంచెం ఉంది కూడా.

మార్చురీ బయట వరండాలో బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉండేది. ఆమె తమ్ముడు రంగులు వేసే కూలీ. పరంజా మీంచి పడి చనిపోయాడు. దూరాన్నుంచి వచ్చింది. పోలీసుల కాగితం వస్తేగానీ సొరుగు తెరవరు. తల్లి పోయాక వాణ్ణి చంకనేసుకు పెంచింది తనేనని అడగకుండానే చెప్పింది. తీసుకెళ్ళి అమ్మ పక్కన పూడ్చాలట. అంతకంటే ముందు ఒక్కసారి మొహం చూడాలట. కంప్యూటరబ్బాయి మెడలో కార్డు చూసి పెద్ద ఆఫీసరనుకుని, ఒక్కసారి చూపించండయ్యా అని అడిగేది. నా చేతుల్లో లేదమ్మా అనేవాడు. అది నిజమే. అయినా ఆ బెంచీ ముందునించి వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా అడుగు త్వరగా వేసేవాడు.

ఆ రోజు పొద్దున పాత పెట్టె ఆపేసి కొత్తదాన్ని వాడకంలోకి తెచ్చాడు. తెచ్చేముందు అంతా ఉన్నదున్నట్టుగా స్నాప్‌షాట్ తీసుకున్నాడు. ఏదైనా తేడా వస్తే ఒక్క నొక్కుతో పొద్దుటి స్థితికి వెళ్ళిపోవచ్చు. తెర మీద అన్నీ బాగానే ఉన్నాయి. లేబుళ్ళు కొట్టే ప్రింటర్ ఒక్కటే మొరాయించింది. అది పాత పెట్టె వెనక లావుపాటి తీగతో వేలాడే రకం. మేడమీద సర్వర్‌కి ఆ తీగ పెట్టే చోటే లేదు. మధ్యలో ఓ చిన్న డబ్బా పెట్టి మాట కలపాలని చూశాడు. ప్రింటర్ దీపం వెలిగేది, కాగితం కదిలేది కాదు.

సరిగ్గా అప్పుడే పైవరసలో ఒక సొరుగుకి చలి ఆగిపోయింది. ఆవిడ తమ్ముడున్న సొరుగే. కాగితం ఎప్పుడొస్తుందో తెలీదు, ఆ పిల్లాణ్ణి అందులో ఉంచితే పాడైపోతాడని పిన్ని గొణుక్కుంది. కింది వరసలో ఒక పెద్దాయన ఉన్నాడు. ఆయన మేనల్లుళ్ళు ఆ మధ్యాహ్నమే వచ్చి తీసుకెళ్తారు. కాసేపట్లో పోయేవాడికి చలి లేకపోతేనేం అనుకుని ఇద్దర్నీ ఒకరి సొరుగులోకి ఒకర్ని మార్చింది. శవాల్ని చుట్టే సంచుల మీద ఏమీ రాసి ఉండదు. లోపల చేతికి చీటీ ఉంటుంది, బయట సొరుగు తలుపు మీద లేబులు ఉంటుంది. పాత లేబుళ్ళు పీకేసి, మార్చిన సంగతి కంప్యూటర్‌లో ఎక్కించి, కొత్త లేబుళ్ళు కొట్టమని అడిగింది. కొట్టడం లేదన్నాడు. పోనీ చేత్తో రాసి అంటిస్తానంది.

"వద్దు పిన్నీ, అంతా గజిబిజి అవుతుంది. మీరు ఎక్కించారుగా, అందులో ఉంటుంది. ప్రింటర్ సంగతి నేను చూస్తాను," అన్నాడు.

మనిషి చెప్పాడు కదా అని ఆవిడ నమ్మింది. డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత కంప్యూటరబ్బాయికి బావమరిది నుంచి ఫోను మీద ఫోను. ఇతను పనిచేసే కంపెనీ అతనిదే. భార్యకి అన్న, అన్నం పెట్టేవాడు, అందుకని గొంతు పెంచే హక్కు ఉందనుకుంటాడు. ప్రింటర్ కూడా పనిచేస్తేగానీ పని అయిందని ఆసుపత్రివాళ్ళు సంతకం పెట్టరట, సాయంత్రంలోగా తేల్చమన్నాడు. ఆ తొందరలో ఇతను ప్రింటర్‌కి ఇంకో డ్రైవర్ ఎక్కించాడు. అంతే, మొత్తం కంప్యూటర్ కొయ్యబారిపోయింది. మళ్ళీ లేపితే మళ్ళీ నీలం తెర. ఇంకేం ఆలోచించలేదు. స్నాప్‌షాట్‌కి వెళ్ళి ఒక్క నొక్కు నొక్కాడు. నిక్షేపంలా లేచి కూర్చుంది. హమ్మయ్య అనుకుని కుర్చీలో వెనక్కి వాలాడు.

ఈ విద్య నేర్చిన ప్రతివాడికీ తెలిసిన సంగతే. వెనక్కి వెళ్ళేముందు, ఈలోగా ఎవరైనా ఏమైనా ఎక్కించారా అని అడిగి తీరాలి. వెనక్కి వెళ్ళడమంటే మధ్యలో జరిగింది జరగనట్టు చేయడమే. అతను ఎందరికో నేర్పినవాడు. బుద్ధి గడ్డి తిన్నప్పుడు నేర్పింది గుర్తుకు రావాలిగా. పిన్ని తన పక్కనే నిలబడి ఎక్కించిన సంగతి అతనికి తట్టనైనా తట్టలేదు.

పెద్దాయన మేనల్లుళ్ళు ఇద్దరు వచ్చారు. రెండో షిఫ్టు మనిషి తెర చూశాడు. కింది వరస సొరుగే చూపించింది. లోపల చేతి చీటీ చూడాలి, చూడలేదు. సంచి విప్పి మొహం చూస్తారా అనడిగితే, ఎందుకులెండి, టైమైపోతోంది అన్నారు మేనల్లుళ్ళు. ఎత్తడానికి మనిషి తక్కువైతే కంప్యూటరబ్బాయే ఓ చెయ్యి వేశాడు. ముసలాయన ఇంత బరువున్నాడేమిటి అని ఒక్క క్షణం అనిపించింది కూడా. మేనల్లుళ్ళలో ఒకడు చివరిదాకా ఫోన్‌లో ఎవరితోనో కారు రిపేరు గురించి గొడవపడుతున్నాడు. రెండోవాడు వ్యాన్ తలుపు సరిగా పడలేదని డ్రైవర్‌ని విసుక్కున్నాడు. కళ్ళు తడి కాలేదు ఇద్దరికీ. అట్నించి అటే కరెంటు దహనవాటికకి తీసుకెళ్ళిపోయారు.

అక్కగారి కాగితం మధ్యాహ్నం దాటాక వచ్చింది. బెంచీ మీంచి లేచి, చీర సర్దుకుని, మొహం కడుక్కుని వచ్చింది. పిన్ని చేసిన మార్పు తెలియని తెర పైవరస సొరుగు చూపించింది. రెండో షిఫ్టు మనిషి దాన్ని బయటికి లాగి సంచి జిప్పు తీశాడు. ఆవిడ వంగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా, ఈ ముసలాయన ఎవరని అడిగింది.

అందరికంటే ముందు అర్థమైంది కంప్యూటరబ్బాయికే. ఆ బరువు ఎవరిదో చేతులకి తెలిసింది.

సూపరింటెండెంటు గారు వచ్చారు. బావమరిది పరిగెత్తుకొచ్చాడు. పిన్నిని ఇంటినించి పిలిపించారు. మార్చింది తనేనని ఆవిడ చెప్పింది. కంప్యూటర్‌లో ఎక్కించానని కూడా చెప్పింది. సూపరింటెండెంటు గారు తెర ఆవిడ వైపు తిప్పి, ఎక్కడ ఎక్కించావు, చూపించు అన్నారు. లేదు. ఆనవాలు కూడా లేదు. ఎక్కించానండీ అంది మళ్ళీ. ఇన్నేళ్ళ సర్వీసులో ఆవిడ నోరు చిన్నబోవడం ఎవరూ చూడలేదు. ఆ వేళ చూశారు. చేసిన తప్పుకి తోడు అబద్ధం కూడానా అని ఆయన కసిరారు. ఉద్యోగం ఊడినట్టే అని తేల్చేశారు. తర్వాత కంప్యూటరబ్బాయి వైపు తిరిగి, ఎక్కించింది దానంతటది మాయమవుతుందా అని అడిగారు.

దానంతటది మాయం కాదండీ అని బావమరిది అందుకున్నాడు. ఆ మాట మటుకు నిజమే. అంటూనే చాటుగా ఇతని మోచెయ్యి నొక్కాడు. ఆ నొక్కుకి అర్థం వేరే చెప్పాలా. కంపెనీ, జీతం, ఇంట్లో ఆయన చెల్లెలు, అన్నీ అందులో ఉన్నాయి. పిన్ని అతని వంక చూసింది. చెప్పవేం అబ్బాయ్ అనలేదు. అనుంటే బాగుండేది. తనే ఎక్కించానో లేదో అని ఆవిడకే అనుమానం పుట్టినట్టు కనిపించింది. అది చూడలేకపోయాడు.

"ఆవిడ ఎక్కించారండీ. నా పక్కనే ఎక్కించారు. ప్రింటర్ కోసం నేను మెషీన్‌ని పొద్దుటి స్థితికి తిప్పాను. అందులో పోయింది. చేత్తో రాస్తానంటే వద్దన్నది కూడా నేనే."

బావమరిది మోచెయ్యి వదిలేశాడు. ఆ క్షణంతో వాళ్ళిద్దరి మధ్య సగం చుట్టరికం తెగిపోయింది. అయినా ఏం లాభం? దహనవాటికకి ఫోన్ చేస్తే అప్పటికే అయిపోయిందన్నారు. నిజం చెప్పిన తృప్తి ఆవగింజంత కూడా కలగలేదు అతనికి. సిగ్గు మాత్రం కలిగింది, ఒళ్ళంతా.

ఇదంతా అక్కగారు వింటూనే ఉంది. ఎవరినీ తిట్టలేదు, గుండెలు బాదుకోలేదు. తిట్టి ఉంటే, చెంప పగలగొట్టి ఉంటే అతను కాస్త తట్టుకునేవాడు. కాసేపటికి అతని దగ్గరికి వచ్చింది.

"మా వాణ్ణి తీసుకెళ్ళినవాళ్ళు ఏడ్చారా అయ్యా?"

అతనికి అర్థం కాలేదనుకుని మళ్ళీ చెప్పింది. వాళ్ళ మనిషే అనుకున్నారు కదా, వాళ్ళ మనిషికని ఏడ్చినా మా తమ్ముడి మీదే కదా పడేది, ఎవరో ఒకరు ఏడ్చి పంపారా అని.

కారు రిపేరు గొడవ అతని చెవుల్లో మోగింది. రెండో షిఫ్టు మనిషి నేల చూశాడు.

"ఏడ్చారమ్మా," అంది పిన్ని. "ఎంత ఏడ్చారనుకున్నావు. ఒకడైతే వ్యాన్ పట్టుకుని వదల్లేదు. పెద్దవాడు వచ్చి విడిపించాల్సి వచ్చింది."

ఆ సమయానికి పిన్ని ఇంట్లో ఉంది. అక్కగారికి తప్ప అందరికీ తెలుసు ఆ సంగతి. అబద్ధమని ఈసారి సూపరింటెండెంటు గారు కూడా కసరలేదు.

అక్కగారు కంప్యూటరబ్బాయి మొహంలోకి చూసింది, నువ్వు కూడా చెప్పు అన్నట్టు.

"అవునమ్మా. నేను చూశాను. ఎత్తేటప్పుడు నేనూ ఒక చెయ్యి వేశాను," అన్నాడు.

ఆవిడ తలూపింది. ఆ చెయ్యి ఏదని అడిగింది. అతను కుడిచెయ్యి చాపాడు. దాన్ని రెండు చేతులా పట్టుకుని, మొహానికి ఆనించుకుని, అప్పుడు ఏడ్చింది.